ఇంజన్ ఆగితే పంపు ఆగాలి

ఆదివారం పొద్దున్నే వీధి దాటి ఎదురింటి గరాజ్ తలుపు ఎత్తుతాను. లోపలున్న పాత బండిలో కూర్చుని, స్టీరింగు కింద ఉన్న చిన్న బొత్తాం నొక్కి పట్టుకుంటాను. వెనక ట్యాంకు దగ్గర పంపు టకటకమని కొట్టుకోవడం మొదలుపెడుతుంది. మొదట వేగంగా కొట్టుకుంటుంది. గొట్టంలో పెట్రోలు నిండేకొద్దీ నెమ్మదిస్తుంది. చివరికి ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నేను ఊపిరి తీసుకునేంత వ్యవధి వస్తుంది. అప్పుడు వేలు తీసేస్తాను. చప్పుడు ఆగిపోతుంది. ముక్కు ఎగబీల్చి చూస్తాను. వాసన ఏమీ ఉండదు. ఉండకూడదు కూడా. ఆ నిశ్శబ్దంలో నాకు రత్నం అంకుల్ గుర్తుకొస్తారు. ఆయన పోయి ఏడు నెలలయింది.

ఆయన్ని చూడనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. వెంకటరత్నం గారిది తెనాలి దగ్గర. క్వీన్స్‌ల్యాండ్ బొగ్గు గనుల్లో ముప్పై ఏళ్ళు మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేసి, రిటైరయ్యాక బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో, మా ఎదురుగా ఇల్లు తీసుకున్నారు. మా వీధిలో మిగతా తెలుగువాళ్ళమంతా ఆయన కన్నా ఒక తరం చిన్నవాళ్ళం. కంప్యూటర్లు, బ్యాంకులు, ఇంటి లోన్లు, పిల్లల స్కూళ్ళు మా కబుర్లు. ఆయన మా భోజనాలకు వచ్చేవారు, పెట్టింది తినేవారు, వంట బాగుంటే బాగుందని ఆ వండినావిడతోనే చెప్పేవారు, కాసేపటికి వెళ్ళిపోయేవారు. గనిలో వేసుకున్న పసుపు పచ్చ చొక్కాలే ఇంట్లోనూ వేసుకునేవారు. ఆయన భార్య సరళ ఆంటీకి ఆ చొక్కాలంటే పడదు. అవి చినిగే రకం కావనీ, అదే తన దురదృష్టమనీ అనేది.

నేను ఆయన్ని మొదటిసారి సరిగ్గా చూసింది ఫిర్యాదు చెయ్యడానికి వెళ్ళినప్పుడు. నేను ఇంటి నుంచే పని చేస్తాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వీధి వైపు గదే నా ఆఫీసు. రెండు రోజులుగా కిటికీ తెరిస్తే పెట్రోలు వాసన. మూడో రోజు వీధి దాటి వెళ్ళాను. ఆయన గరాజ్‌లో ఒక ఎత్తుపీట మీద కూర్చుని, చేతిలో ఉన్న ఇత్తడి ముక్కను చూస్తున్నారు.

"అంకుల్, మీ గరాజ్‌లకెళ్ళి పెట్రోల్ స్మెల్ వస్తుంది," అన్నాను.

"వస్తోందా? ఏ వాసనమ్మాయ్, పాత పెట్రోలా, కొత్త పెట్రోలా?"

"పెట్రోల్‌ల పాతది కొత్తది ఉంటదా అంకుల్?"

"నెయ్యికి ఉండదూ?" అన్నారు. నేను మళ్ళీ పీల్చి, కొంచెం పుల్లగా, వార్నిష్‌లాగా ఉందని చెప్పాను. ఆయన తల ఊపి, అయితే పాతదేననీ, ట్యాంకు అడుగున నిలిచిపోయిందనీ అన్నారు. తరువాత, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా, తనకు వాసన తెలియడం మానేసి ఆరేళ్ళయిందని చెప్పారు. చేతులు వణకడం మొదలయింది ఆ తరువాతేనట. పార్కిన్సన్స్‌లో ముక్కే ముందు పోతుందని డాక్టరు చెప్పాకే ఆయనకు తెలిసింది. "ముక్కూ చేతులూ లేకుండా పెట్రోలు పని చెయ్యకూడదు. నాకు చెవులు మాత్రం ఉన్నాయి," అన్నారు. నేను ఫిర్యాదు చెయ్యడానికి వెళ్ళి, ట్యాంకులో పాత పెట్రోలు తోడడానికి గొట్టం పట్టుకుని నిలబడ్డాను. అలా మొదలైంది.

ఆ బండిని ఇక్కడివాళ్ళు హాట్ రాడ్ అంటారు. ముప్పైల నాటి రెండు తలుపుల కూపే ఒంటికి అరవైల నాటి ఎనిమిది సిలిండర్ల ఇంజన్ బిగించారు. ఇంజన్‌కు పక్క రేకులుండవు, అన్నీ బయటికి కనిపిస్తాయి. కంప్యూటరంటూ ఏదీ లేదు. నెత్తిన పెట్రోలును గాలితో కలిపే ఒక కార్బురేటర్, దానికి పెట్రోలు అందించే ఒక పంపు, అంతే. గనిలో తోటి పనివాడొకడు ఊరు మారిపోతూ ముక్కలుగా ఇచ్చేసి వెళ్ళిన బండిని పదకొండేళ్ళు కూర్చుని ఒకటి చేశానని ఆయన చెప్పారు. అది పూర్తయిన మొదటి జనవరిలో ఆంటీని ఎక్కించుకుని టూవూంబా కొండ మీదికి బయలుదేరారు. ఇక్కడ జనవరి నడివేసవి, ఎండ మండిపోతోంది. కొండ సగం ఎక్కాక బండి దగ్గి ఆగిపోయింది. పంపు ఇంజన్‌కే తగిలించి ఉండడం వల్ల, ఆ వేడికి గొట్టంలో పెట్రోలు మరిగి ఆవిరైపోయింది. పంపుకు పీల్చుకోవడానికి ఆవిరి తప్ప ఏమీ దొరకలేదు. నాలుగు గంటలు రోడ్డు పక్కన, లారీలు ఊగించే గాలిలో ఆంటీ గొడుగు పట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక మళ్ళీ ఈ బండి ఎక్కనని చెప్పింది, ఎక్కలేదు.

ఆయనకు ఒకే కోరిక ఉండేది. ఆంటీని ఆ కొండ మీదికి, ఎక్కడా ఆగకుండా, తన చేత్తో నడుపుకుంటూ తీసుకెళ్ళాలి. అందుకు పాత పంపు తీసేసి కరెంటు పంపు పెట్టాలి. అది వెనక ట్యాంకు పక్కన, ట్యాంకు అడుగు కన్నా కిందగా కూర్చుంటుంది. పెట్రోలును పీల్చే బదులు ముందుకు తోస్తుంది. తోసే పెట్రోలు అంత తేలిగ్గా మరగదు. పని పెద్దది కాదు. కానీ సన్నటి వైర్లు, చిన్న చిన్న క్లిప్పులు, గొట్టాల కొసలు ఆయన చేతికి లొంగడం లేదు. టైము కూడా ఎక్కువ లేదు. ఇక్కడ డెబ్భై ఐదు దాటినవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ ఉంటేనే బండి నడపాలి. ఆయన సర్టిఫికెట్ తిరిగి రాయించుకోవాల్సిన రోజు ఆరు వారాల్లో ఉంది. చేతులు ఎలా ఉన్నాయో ఆయనకు తెలుసు. ఆరు వారాల్లో బండి సిద్ధమైతే, అడిగేవాళ్ళు అడిగేలోపు కొండ ఎక్కి దిగవచ్చు.

శనివారాలు నేను వెళ్ళేదాన్ని. మా ఆయన మొదట నవ్వాడు, తరువాత మధ్యాహ్నం భోజనం తనే చూసుకోవడం మొదలుపెట్టాడు. మొదటి శనివారం అంకుల్ నా చేతికి స్పానర్ ఇవ్వలేదు. టీవీ అట్టపెట్టె వెనక భాగం, ఒక మార్కరు ఇచ్చి వైర్ల బొమ్మ గియ్యమన్నారు. నేను ఇంటర్నెట్‌లో చూసే వెళ్ళాను కాబట్టి గబగబా గీశాను. బ్యాటరీ, ఫ్యూజు, తాళం, రిలే, పంపు. గర్వంగానే చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

"ఇది మొదలవడం గీశావు. ఆగడం ఏదీ?"

"తాళం తిప్పితే ఆగుతది గద అంకుల్."

"బండి పల్టీ కొట్టి నువ్వు తలకిందులుగా వేలాడుతున్నావనుకో. తాళం ఎవరు తిప్పుతారు, మీ ఆయనా?"

ఇంజన్‌కు తగిలించిన పాత పంపు ఇంజన్ ఆగితే తనూ ఆగుతుంది, దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. కరెంటు పంపుకు ఆ తెలివి లేదు. ఇంజన్ చచ్చినా, గొట్టం తెగినా, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ పెట్రోలు తోస్తూనే ఉంటుంది. అందుకని ఇంజన్ ఆయిల్ ఒత్తిడిని కనిపెట్టే ఒక స్విచ్చి మధ్యలో పెట్టాలి. ఇంజన్ తిరిగితే ఆయిల్‌కు ఒత్తిడి వస్తుంది, స్విచ్చి కలుస్తుంది, పంపు నడుస్తుంది. ఇంజన్ ఆగితే ఒత్తిడి పోతుంది, స్విచ్చి విడిపోతుంది, పంపు ఆగుతుంది. స్టార్ట్ చేసే ముందు గొట్టం నింపడానికి మాత్రం వేలు పెట్టి నొక్కుకునే బొత్తాం, వేలు తీస్తే అదీ ఆగాలి. ఇదంతా చెప్పి ఆయన నా బొమ్మను తిరగేసి, ఖాళీ వైపు చూపించి, ముందు ఆపడం గీసి, దాని చుట్టూ మిగతాది గియ్యమన్నారు.

ఆ రోజే గని సంగతి ఒకటి చెప్పారు. బొగ్గు మోసే బెల్టు పొడవునా ఒక తాడు కట్టి ఉంటుందట. ఎవరు, ఎక్కడ నిలబడి లాగినా బెల్టు ఆగాలి. ఒకసారి ఒకతను చెయ్యి ఇరుక్కుని తాడు లాగాడు. బెల్టు ఆగలేదు. ఆ తాడు స్విచ్చి మాటిమాటికీ ఊరికే పడిపోయి పని ఆగుతోందని, అంతకు ముందు షిఫ్టులో ఎవరో దాన్ని తీగతో కట్టేశారు. అతని చెయ్యి మోచేతి దాకా పోయింది. ఆ కట్టినదెవరని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆ తరువాతి వారాలు నా జీవితంలో చాలా మంచివి. పంపుకు రబ్బరు బుష్‌లు వేసి ఛాసిస్‌కు బిగించాను. దాని ముందు ఫిల్టరు, వెనక ఉక్కు గొట్టం, సైలెన్సర్ గొట్టానికి దూరంగా, పట్టాలతో. పెయింటు గీకి తెల్లటి ఇనుము కనిపించాక గానీ ఎర్త్ వైరు బిగించనిచ్చేవారు కాదు. పెద్ద అంకె ఉన్న పంపు కొందామని నేనంటే, కార్బురేటర్ చంటిబిడ్డ లాంటిదనీ, గ్లాసుతో పోస్తే తాగదు, ఉక్కిరిబిక్కిరవుతుందనీ అన్నారు. ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ మీద ముల్లు ఐదు దగ్గర నిలిచేదాకా నా చేత మూడుసార్లు తిప్పించారు. తప్పు చేస్తే విప్పమనేవారు, అంతే. ఎందుకు చేశావని అడిగేవారు కాదు. ఆఫీసులో తప్పు జరిగితే అది ఎవరి తప్పో తేలేదాకా మా మీటింగులు నడుస్తాయి. ఆయన దగ్గర తప్పు అంటే విప్పాల్సిన పని, అంతవరకే.

నా అసలు తప్పు ఐదో వారంలో జరిగింది. ఆయిల్ ఒత్తిడి స్విచ్చి నేనే ఆన్‌లైన్‌లో కొన్నాను. మంచి రివ్యూలున్నది ఏరి మరీ తెప్పించాను. శనివారం సాయంత్రం బిగించి చూస్తే అది తలకిందులుగా పని చేస్తోంది. అది డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగించే రకం. ఒత్తిడి లేనప్పుడు కలుస్తుంది, ఉన్నప్పుడు విడిపోతుంది. మాకు కావలసిన దానికి సరిగ్గా వ్యతిరేకం. సరైనది రావాలంటే మంగళవారం దాటుతుంది. మర్నాడు ఆదివారం పూజకు ఆంటీ టైము చూసి పెట్టింది. బుధవారం కొండకు వెళ్ళాలని, గురువారం డాక్టరని ఆయన అనుకుని ఉన్నారు. అంకుల్ అప్పటికే అలసిపోయి లోపలికి వెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. జానెడు ఎర్ర వైరు కోసి, రెండు కొసలా క్లిప్పులు నొక్కి, స్విచ్చిని దాటించి కలిపేశాను. మా ఆఫీసులో ఇది రోజువారీ పని. ఇప్పటికి బైపాస్ చేద్దాం, రిలీజ్ అయ్యాక సరిచేద్దాం అంటాం. కొన్ని బైపాస్‌లు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాయి, ఎవరికీ ఏమీ కాలేదు.

వెళ్ళేముందు లోపలికి తొంగిచూసి అయిపోయిందని చెప్పాను. ఆయన టీవీ మీది నుంచి చూపు తిప్పి, "ఆగుతోందా?" అని అడిగారు.

"ఆగుతుంది అంకుల్."

తాళం తిప్పితే ఆగుతుంది కదా. అది అబద్ధం కాదని వీధి దాటేలోపు నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను.

ఆదివారం నాలుగున్నరకు రాహుకాలం. ఆంటీ నాలుగు గంటలకల్లా అన్నీ సర్దింది. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, రేడియేటర్ మీద పసుపు, కుంకుమ, మందారం. పూజ ముందా స్టార్ట్ చెయ్యడం ముందా అని వాళ్ళిద్దరూ వాదించుకున్నారు. ఇంజన్ వినకుండా తాను దణ్ణం పెట్టనని అంకుల్ అన్నారు. నేను సీట్లో కూర్చుని బొత్తాం నొక్కి, తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది. వీధంతా వినిపించింది. ఎదురింట్లోంచి మా ఆయన బయటికొచ్చాడు. ఒక నిమిషం నడిచి, తడబడి, ఆగిపోయింది. మళ్ళీ తిప్పబోతుంటే ఆంటీ హారతి వెలిగించేసింది. "ఉండమ్మా శ్రీలతా, టైమవుతోంది, దిగిరా, హారతి తర్వాత ఎంతసేపైనా మోగించుకోండి," అంది. నేను దిగాను. తాళం ఆన్‌లోనే వదిలేశాను.

గొట్టం కోసినప్పటి ఇనుప రజను నేను సరిగ్గా కడగలేదని తరువాత తెలిసింది. అందులో ఒక నలుసు వెళ్ళి కార్బురేటర్‌లో పెట్రోలును ఆపే సన్నటి ముల్లు కింద ఇరుక్కుంది. ఆ ముల్లు మూసుకోలేదు. పంపు తోస్తూనే ఉంది. నిండిన గిన్నె పొంగి, పెట్రోలు వేడి ఇంజన్ మీదికి కారుతోంది. ఆంటీ హారతి పళ్ళెం పట్టుకుని ముందు చక్రం దగ్గరికి వస్తోంది. కర్పూరం పెద్ద బిళ్ళ, మంట జానెడు లేస్తోంది. నాకు కర్పూరం వాసన వచ్చింది, దాని కింద ఇంకో వాసన వచ్చింది. అది ఏమిటో నాకు తెలుసు. ఎందుకు వస్తోందో కూడా తెలుసు. ఇది రాయడం కష్టంగా ఉంది కానీ రాయాలి. నేను వెంటనే చెప్పలేదు. చెబితే వైరు సంగతి చెప్పాలి. రెండు క్షణాలు, మూడు క్షణాలు, నేను ఆంటీ పళ్ళెం వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆయనకు వాసన లేదు. కానీ తల పక్కకు వంచారు. ఇంజన్ ఆగి ఉంది, పంపు టకటకమంటోంది. అదీ నెమ్మదిగా కాదు, వేగంగా, అంటే పెట్రోలు ఎక్కడికో పోతోంది. ఆయన నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, వాసన వస్తోందా?"

"వస్తుంది."

ఆయన గొంతు పెంచలేదు. "సరళా, పళ్ళెం పట్టుకుని వెనక్కి నడు. రోడ్డు దాకా నడు," అన్నారు. ఆంటీ ఎందుకని అడగలేదు, హారతి అరచేత్తో కాచుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి రోడ్డు అంచున నిలబడింది. అప్పుడు నాతో, "తాళం," అన్నారు. నేను చెయ్యి లోపలికి పెట్టి తిప్పాను. చప్పుడు ఆగింది.

ఇంజన్ మడతల్లో పెట్రోలు నిలిచి మెరుస్తోంది. సిమెంటు మీద నల్లటి మచ్చ పాకుతోంది. మేమందరం రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాం. కుక్కను నడిపిస్తున్న ఒకాయన ఆగి, మా నిమ్మకాయలను, ఆంటీ చేతిలో మంటను చూసి, మర్యాదగా తల పంకించి వెళ్ళిపోయాడు. కర్పూరం దానంతటదే కొండెక్కేదాకా ఆంటీ బండి వైపు పళ్ళెం చూపిస్తూ నిలబడింది. చివరి మంటను అంకుల్ కళ్ళకద్దుకున్నారు, నన్నూ అద్దుకోమన్నారు. మంట ఆర్పెయ్యమని ఆంటీకి ఎందుకు చెప్పలేదని చాలా రోజుల తరువాత అడిగాను. "మీ ఆంటీ హారతి ఊదదు. ఊదమంటే ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఆ క్షణం మన దగ్గర లేదు. నడవమంటే నడుస్తుంది," అన్నారు. యంత్రాన్ని ఎలా ఆపాలో ఆయనకు తెలుసు. ఏ మనిషికి ఏ మాట చెబితే ఆలస్యం కాదో కూడా తెలుసు. రెండోది నేను ఇంకా నేర్చుకుంటున్నాను.

ఆ సాయంత్రం వైరు సంగతి చెప్పాను. ఆంటీ ఒంటి మీది పట్టుచీర అంచు నా కళ్ళ ముందే ఉంది. ఆయన విని, ఆ వైరు తీసి ఇమ్మన్నారు. ఇచ్చాను. వణికే వేళ్ళతో దాన్ని ఎత్తి చూసి, క్లిప్పులు బాగా నొక్కావన్నారు. తరువాత అన్నారు.

"ఆ రోజు గనిలో తాడు స్విచ్చి కట్టింది నేనేనమ్మాయ్. నాలాంటివాడు కట్టడని అందరూ అనుకున్నారు. అడిగితే ఒప్పుకున్నాను. అడిగేదాకా ఒప్పుకోలేదు. నువ్వు అడక్కముందే చెప్పావు."

నేను ఆయన అడిగినప్పుడే వాసన వస్తోందని చెప్పాను, ముందు చెప్పలేదు. అది కూడా చెప్పాను. ఆయన తల ఊపారు. "సరే. రేపు విప్పుదాం," అన్నారు.

సరైన స్విచ్చి వచ్చేదాకా బండి కదలదు. అంటే బుధవారం కొండ లేదు. గురువారం డాక్టరు. నేను ఆయనకు రెండు దారులు చెప్పాను. డాక్టరు అపాయింట్‌మెంట్ రెండు వారాలు వెనక్కి జరపవచ్చు. లేదా ఉదయం, టాబ్లెట్ వేసుకున్న గంటకు వెళ్ళవచ్చు, అప్పుడు చేతులు దాదాపు నిలకడగా ఉంటాయి. నా వల్ల పోయిన రోజులను తిరిగి ఇచ్చేద్దామని నా తాపత్రయం. ఆయన ఎత్తుపీట మీద కూర్చుని, కార్బురేటర్ గిన్నెలో నలుసు కోసం వెతుకుతున్నారు.

"టాబ్లెట్ వేసుకున్న గంటలో నా చెయ్యి బాగానే ఉంటుంది. మిగతా గంటల్లో బండి ఎవరాపుతారు? పంపుకు స్విచ్చి పెట్టి నాకు పెట్టుకోకపోతే ఎలాగమ్మా."

తన గురించి పోలికలు చెప్పడం ఆయనకు అలవాటు లేదు, నాకూ పెద్దగా నచ్చవు. కానీ ఇది ఆయన అన్న మాట, అందుకే రాస్తున్నాను. గురువారం మధ్యాహ్నం, చెయ్యి బాగా వణికే వేళ చూసుకుని ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళారు. సాయంత్రం ఆంటీ కారు నడుపుకుంటూ తిరిగొచ్చింది. ఆయన పక్క సీట్లో ఉన్నారు. కిటికీలోంచి నాకు బొటనవేలు కిందికి తిప్పి చూపించారు, నవ్వుతూనే. నేను లోపలికెళ్ళి చాలాసేపు కిటికీ తెర వేసుకుని కూర్చున్నాను. జానెడు వైరుతో నేను ఆయన కొండను తీసేసుకున్నాను. ఈ మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అనరని తెలిసి నాకు ఇంకా బరువుగా ఉండేది.

మరుసటి శనివారం సరైన స్విచ్చి బిగించాను. గొట్టాలు కడిగాను, రెండుసార్లు కడిగాను. ఇంజన్ నడుస్తుండగా ఆయన ఒక పని చెయ్యమన్నారు. తాళం ముట్టుకోకుండా, నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ వైరు లాగెయ్యమన్నారు. "చంపి చూడు," అన్నారు. లాగాను. ఇంజన్ చచ్చింది. తాళం ఆన్‌లోనే ఉంది. మేమిద్దరం చెవులు పెట్టి విన్నాం. పంపు రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంది. ఆయన ఆ రోజు నవ్విన నవ్వు నాకు బాగా గుర్తు. మళ్ళీ చేయించారు, మళ్ళీ. నాలుగోసారి ఆంటీ వంటింట్లోంచి, ఆ దిక్కుమాలిన బండిని చంపితే ఒకేసారి చంపండి అని కేకేసింది.

తరువాతి ఆదివారం కొండకు వెళ్ళాం. నేను నడిపాను, ఆంటీ మధ్యలో, ఆయన తలుపు పక్కన. ఆంటీ గొడుగు తెచ్చుకుంది, ఒళ్ళో పెట్టుకుంది. కొండ మొదలైంది. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. కుడి చెయ్యి మోకాలి మీద కొట్టుకుంటోంది, ఆయన దాన్ని ఆపే ప్రయత్నం చెయ్యలేదు. అంతకు ముందు బండి ఆగిన మలుపు దాటాక ఆంటీ ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది. పైకెక్కి బండి ఆపితే, కింద లోయంతా మసక నీలంగా ఉంది. ఆంటీ దిగి, గొడుగు విప్పి, "పెళ్ళయిన నలభై ఆరేళ్ళకు ఒక మాట నిలబెట్టుకున్నారు. అదీ ఎదురింటి అమ్మాయి చేత," అంది. ఆయన నా వైపు చూసి, "బాగా నడిపావు. మలుపుల్లో తొందర లేదు," అన్నారు. అది అభినందన అని నేను అనుకోలేదు, రిపోర్టు అనుకున్నాను. ఇప్పుడు అభినందనే అనుకుంటున్నాను.

ఆ తరువాత ఏడాదిన్నర ఉన్నారు. చివరి నెలల్లో మాట మందగించింది. శనివారాలు వెళ్ళి కూర్చునేదాన్ని. ఆఫీసు సంగతులు చెప్పేదాన్ని. ఒక రిలీజు నేను సంతకం పెట్టనని ఆపించాననీ, మా మేనేజరు రెండు రోజులు మాట్లాడలేదనీ చెప్పినప్పుడు, నెమ్మదిగా, ఒక్కో మాటా కూడదీసుకుని, "ఎలా ఆగుతుందో గీసి చూపించావా?" అని అడిగారు. గీశానన్నాను. నిజంగానే గీశాను. మా బృందంలో ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళందరికీ మొదట అదే చెబుతాను. ఎందుకు చెబుతున్నానో వాళ్ళకు చెప్పను.

ఆయన పోయాక ఆంటీ బండి అమ్మలేదు. నడిపించు, నిలబెడితే పాడవుతుందంది. ఆ ఎర్ర వైరు గరాజ్ గోడకు, స్పానర్ల పక్కన, మేకుకు వేలాడుతోంది. ఆయనే తగిలించారు. దాని కింద పేరూ లేదు, మాటా లేదు.

ఆదివారం బొత్తాం నొక్కి, పంపు నెమ్మదించేదాకా విని, ఇంజన్ స్టార్ట్ చేస్తాను. ఆంటీ గొడుగుతో వచ్చి పక్కన కూర్చుంటుంది. చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తాం. ఇంటికి చేరాక ఆవిడ దిగి లోపలికి వెళ్ళేదాకా ఆగుతాను. తాళం ఆన్‌లోనే ఉంచి, దిగి, కాయిల్ వైరు లాగుతాను. ఇంజన్ చచ్చిపోతుంది. వెనక నుంచి రెండు దెబ్బలు వినిపిస్తాయి. తరువాత ఏమీ వినిపించదు.

అప్పుడు, ఆ వైరు కలిపిన శనివారం సాయంత్రం ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను. పైకే చెబుతాను, గరాజ్‌లో ఎవరూ ఉండరు కాబట్టి.

"ఆగింది అంకుల్."